కలేజా అంటే ఏది?

మాది కందుకూరు. శ్రీశైలం రోడ్డు పక్కన మా అబ్బా మటన్ దుకాణం. నేను కసాయి బిడ్డను.

ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం. ఎందుకంటే తెలుగులో ఈ మాటకు మా వృత్తి అన్న అర్థం ఎప్పుడో పోయింది. పొద్దున పేపరు విప్పితే బిడ్డ గొంతు నులిమినవాడు కసాయి తండ్రి, కట్నం కోసం కోడల్ని కాల్చినది కసాయి అత్త. వాళ్లెవరూ కత్తి పట్టి రోజుకు పన్నెండు గంటలు నిలబడినవాళ్లు కారు. నిలబడిన మా అబ్బాకు మాత్రం ఆ పేరు ఊరికే వచ్చింది. 2007లో ముస్లింలలో వెనకబడిన కులాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ బీసీ-ఈ పట్టీ తయారుచేసినప్పుడు అందులో ఖురేషీలు, కసాబులు, ఖటిక్ ముస్లింలు అని మమ్మల్ని లెక్కపెట్టి రాశారు. సర్కారు కాగితంలో మేం కులం. పేపరు హెడ్డింగులో మేం తిట్టు.

శరీరం గురించి నేను నేర్చుకున్న మొదటి మాటలు ఆ దుకాణంలోవే. కలేజీ, గుర్దా, దిల్, తిల్లీ, భేజా, ఫేఫ్డా, జబాన్, నల్లీ, బోటీ, పాయా. అక్షరాలు రాకముందే ఏది ఎక్కడుంటుందో, దేన్ని ముట్టుకుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తిల్లీ కలేజీ కన్నా ముదురు రంగు. గుర్దా మీద కొవ్వు పొర ఉల్లిపొర లాగా వచ్చేస్తుంది. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ. హైదరాబాదు ఉర్దూ పండితులు దాన్ని ఉర్దూ అని ఒప్పుకోరు. తెలుగు పండితులు దాన్ని లెక్కలోకే తీసుకోరు. నాకు ఉర్దూ లిపి రాదు. చదివింది తెలుగు మీడియం. అంటే రాసే భాష ఒకటి, నొప్పి చెప్పుకునే భాష ఇంకొకటి.

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు మనిషి లోపలి భాగాల బొమ్మ వేసుకొని రమ్మన్నాడు. నేను బొమ్మ బాగా వేశాను, ఇప్పటికీ ఆ మాట అంటాను. క్లాసులో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు, కుడి గుర్దా ఎడమదాని కన్నా కొంచెం కిందికి ఉండాలని సారు చెప్పాడు, అట్లాగే వేశాను. బాణం గుర్తులు పెట్టి కలేజీ, గుర్దా, తిల్లీ అని రాశాను. సారు నోట్‌బుక్ పైకెత్తి అందరికీ చూపించాడు. “ఇది సైన్సు నోట్‌బుక్కా, మీ నాయన దుకాణం బోర్డా? కిలో ఎంతమ్మా?” అన్నాడు. ఎర్ర సిరాతో కొట్టేసి కాలేయం, మూత్రపిండం, ప్లీహం అని రాశాడు. పదో తరగతి అయ్యేదాకా బడిలో నా పేరు కలేజీ.

ఆ సారు చెడ్డవాడు కాడు. లెక్కలు రాని పిల్లల్ని సాయంత్రాలు ఆపి ఉచితంగా చెప్పేవాడు. ఆయన మనసులో తెలుగంటే ఒక శుభ్రమైన ఇల్లు, మా మాటలు ఆ ఇంటి ముందు నెత్తురు కారుతూ వేలాడే మాంసం, అంతే.

నేను మెడికల్ టెర్మినాలజీ కోర్సులో ఎందుకు చేరానో చెప్పాలంటే దాదీమా సంగతి చెప్పాలి. 2019 చలికాలంలో ఒక రాత్రి దాదీమా లేచి కూర్చొని “కలేజా జల్‌రా బేటీ” అంది. చెమటలు. “జీ మత్లారా, చక్రాఁ ఆరే.” ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. దాదీమాకు తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. కూరగాయల సంతలో బేరమాడితే అవతలివాళ్లు దండం పెట్టాల్సిందే. కానీ నొప్పి వచ్చిన మనిషి తన మొదటి భాషలోకి పోతుంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుది ఏ జిల్లానో, దక్కనీ తెలియదు. కలేజా అన్న మాట ఒక్కటి చెవిన పడింది. కలేజా అంటే లివరు కదా అని లివరు పరీక్షలు రాశాడు. ఈసీజీ కోసం మగ టెక్నీషియన్ వస్తే దాదీమా బురఖా తీయనంది. కాగితం మీద “సహకరించడం లేదు” అని రాశారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. రెండు రోజులు లివరు చూశారు. లివరు లక్షణంగా ఉంది. మూడో రోజు పట్నంలో సర్కారు దవాఖానకు మారిస్తే అక్కడ పాతబస్తీ నర్సు ఒకామె ఒక్క మాట విని “దిల్ కా హై మా” అని తెర లాగి తనే తీగలు పెట్టింది. గుండెపోటు. దాదీమా బతికింది గానీ గుండెలో సగం బలం ఆ రెండు రోజుల్లోనే పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు.

కలేజా అంటే దక్కనీలో లివరు ఒక్కటే కాదు. గుండె, రొమ్ము, కడుపు పైభాగం, ధైర్యం, కన్నపేగు అన్నీ కలేజాయే. తెలుగువాళ్లకు ఇది తెలియకేం కాదు. 2010లో మహేశ్‌బాబు సినిమాకు ఖలేజా అని పేరు పెడితే ఎవరూ లివరు సినిమా అనుకోలేదు. ధైర్యమని అందరికీ అర్థమైంది. సినిమా హాల్లో అర్థమైన మాట ఆసుపత్రిలో మా ముసలామె నోట ఎందుకు అర్థం కాలేదన్నదే నన్ను తొలిచేసిన ప్రశ్న.

బీజడ్‌సీ డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ కంపెనీలు బోలెడు. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి, ప్రతి రోగానికీ ప్రతి చికిత్సకూ అంకెల గుర్తు వేసే పని. దానికి ముందు వైద్యపు మాటలు రావాలి. అమెరికా కాలేజీ ఒకటి నడిపే ఆన్‌లైన్ కోర్సు దొరికింది. 2020 మార్చిలో మొదలుపెట్టాను. అదే నెల 25 నుంచి లాక్‌డౌన్. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి పగలూ రాత్రీ అలవాటైన విమానాల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. సిగ్నలు డాబా మీదే దొరికేది. ఫోను నీళ్ల ట్యాంకుకు ఆనించి, చెవుల్లో తీగలు పెట్టుకొని వినేదాన్ని.

మొదటి పాఠంలోనే టీచరమ్మ చెప్పింది. పెద్ద మాట చూసి భయపడొద్దు, ముక్కలు చెయ్యండి, తోక నుంచి మొదలుపెట్టండి అని. గ్యాస్ట్రోఎంటరైటిస్. చివరి ముక్క ఐటిస్, అంటే వాపు. మొదటిది గ్యాస్ట్రో, పొట్ట. నడిమిది ఎంటర్, పేగు. హెపటైటిస్, నెఫ్రైటిస్, స్ప్లెనెక్టమీ. కీలు ఎక్కడుందో తెలిస్తే ఎంత పెద్ద మాటైనా విడిపోతుంది. అబ్బా కొత్త కుర్రాళ్లకు చెప్పేది ఇదే. ఎముక మీద కొట్టకు, కీలు చూసి కొయ్యి. అమెరికా టీచరమ్మకు మా అబ్బా తెలియదు. నాకు మాత్రం ఆ కోర్సు మొదటి రోజు నుంచీ మా ఇంటి విద్యలాగే అనిపించింది.

ట్రేకియా పాఠం వచ్చింది. జబా చేసేటప్పుడు నాలుగు రగాఁ తెగాలని మా వాళ్ల నియమం. హల్ఖూం, మరీ, రెండు వదజ్‌లు. అంటే శ్వాసనాళం, అన్నవాహిక, మెడకు రెండు పక్కలా ఉండే నెత్తుటి నాళాలు. చిన్నప్పుడు నాకు అనుమానం వచ్చేది. రగ్ అంటే నరం, నెత్తుటి నాళం కదా, గాలిగొట్టాన్ని కూడా అందులో ఎట్లా కలిపారు? చదువు లేని లెక్క అనుకున్నాను. తీరా చూస్తే ట్రేకియా అన్నది గ్రీకులో ‘గరుకు ఆర్టరీ’ అన్న మాటలోంచి మిగిలిన ముక్క. పాతకాలపు గ్రీకు వైద్యులూ గాలిగొట్టాన్ని నాళాల్లోనే కలిపి లెక్కపెట్టారు. మెడికల్ కాలేజీలో ఆ మాటను తలవంచుకొని బట్టీ పడతారు. మా అబ్బా లెక్కకు మాత్రం నవ్వుతారు.

కోర్సు నిఘంటువులతో ఆగలేదు. ప్రతి మాటకూ వేరు వెతకడం నాకు వ్యసనమైంది. ఒక రాత్రి కాలేయం అన్న మాటను పట్టుకున్నాను, మా సారు ఎర్ర సిరాతో రాసిన మాట. అది సంస్కృతం. కాలేయ. ఆ కాలేయ ప్రాకృతంలో కాలేజ్జ అయింది, అక్కణ్ణుంచి హిందీలో, మా దక్కనీలో కలేజా, కలేజీ అయింది. కొట్టేసిన మాటా, దాని పైన రాసిన మాటా ఒకటే మాట! ఒకటి పుస్తకాల్లో అట్లాగే ఉండిపోయింది, ఇంకోటి వెయ్యేళ్లు జనం నోళ్లలో నానుతూ మా దుకాణానికి వచ్చింది. ఫారసీ జిగర్, సంస్కృత యకృత్తు, లాటిన్ జెకూర్, గ్రీకు హెపార్ నాలుగూ కూడా ఒక్క తల్లి బిడ్డలే. హెపటైటిస్ అన్నప్పుడల్లా లోకమంతా జిగర్‌నే పలుకుతోంది. గుర్దా సంగతీ అంతే. ఇంటర్ జువాలజీ పుస్తకంలోని వృక్కం, మా గుర్దా పాతకాలపు చుట్టాలు. సంస్కృతంలో వకారం ఉన్న కొన్ని మాటల్లో ఫారసీలో గకారం వస్తుంది. ఆ రాత్రి డాబా మీద ఒక్కదాన్నే నవ్వాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

మెదడు పొరల గురించి కూడా చెప్పాలి. ఇంటర్‌లో తెలుగు మీడియం పిల్లలం వరాశిక, లౌతికళ, మృద్వి అని కంఠతా పట్టాం. అర్థం ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. ఇంగ్లీషులో పై పొర డ్యూరా మేటర్, లోపలి పొర పయా మేటర్. మేటర్ అంటే లాటిన్‌లో తల్లి. మెదడు మీద తల్లి ఏమిటి? పదో శతాబ్దంలో అలీ ఇబ్న్ అల్ అబ్బాస్ అల్ మజూసీ అనే వైద్యుడు అరబ్బీలో రాసిన పుస్తకాన్ని 1127లో ఆంటియోక్ స్టీఫెన్ లాటిన్‌లోకి తెచ్చాడు. అరబ్బీలో ఆ పొరల్ని ఉమ్ అన్నారు. గట్టి తల్లి, పలచని తల్లి. వస్తువుల మధ్య సంబంధం చెప్పడానికి తల్లి, తండ్రి, కొడుకు అనడం ఆ భాష అలవాటు. స్టీఫెన్ ఉన్నదున్నట్టు మేటర్ అని రాసుకున్నాడు. కంటి రెటీనా కూడా అంతే. వల అనే అర్థమున్న అరబ్బీ మాటను లాటిన్ చేస్తే వచ్చింది. వెన్నుపాముకు అరబ్బులు పెట్టిన నుఖా అన్న పేరు లాటిన్‌లోకి పోయి మెడ వెనక భాగానికి న్యూకా అయి కూర్చుంది.

ఇదంతా మాదే అని జబ్బలు చరుచుకోవడానికి రాయడం లేదు. మా వాళ్లలో ఆ రోగమూ ఉంది. ప్రతి మిషనూ మనమే కనిపెట్టామనే ఉపన్యాసాలు అన్ని మతాల మైకుల్లోంచీ విన్నాను. రెటీనాకు వల అని అరబ్బులకన్నా ముందు గ్రీకులే అన్నారు. గ్రీకు వైద్యాన్ని తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అరబ్బీ చేసిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. మజూసీ అన్న పేరే ఆ ఇంటివాళ్లు ఒకప్పుడు అగ్నిపూజకులని చెబుతోంది. ఏ ఒక్కరి ఇంట్లోనూ ఈ మాటలు పుట్టి పెరగలేదు.

మన పట్నంలోనూ ఇదే కథ నడిచింది. 1846లో హైదరాబాదులో పెట్టిన మెడికల్ స్కూల్లో పాఠాలు ఉర్దూలో చెప్పారు. పాసైనవాళ్లకు హకీం అని పట్టా. మత్తు వైద్యంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి 1889లో అందుకున్నది ఆ హకీం పట్టాయే. తర్వాత 1917లో తర్జుమా శాఖ దారుత్తర్జుమా, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ. డాక్టరీ, ఇంజనీరింగు ఉర్దూలో చెప్పడానికి వేల మాటలు తయారుచేశారు. మాటలు ఎట్లా పుట్టించాలనే దాని మీదే వహీదుద్దీన్ సలీం 1921లో ఒక పుస్తకం రాశాడు. భారతదేశపు భాషలో పై చదువులు చెప్పవచ్చని చేసి చూపించారు, అది చిన్న సంగతి కాదు. కానీ కందుకూరు తెలుగు పిల్లవాడికి ఆ ఉర్దూ పరాయిదే, దాన్ని మనం ఒప్పుకోవాలి. ఆ అరబ్బీ బరువు మాటలు మా దాదీమాకూ అర్థమయ్యేవి కావు. పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. సంస్కృతం నింపిన తెలుగు పుస్తకాలు వచ్చాయి. రాజ్యం మారినప్పుడల్లా మాటలు మారాయి, దుకాణం మాటకు మాత్రం ఏ రాజ్యంలోనూ నోట్‌బుక్కులో చోటు దొరకలేదు. నోట్లో మాత్రం దొరికింది. మా పక్కింటి యాదవుల అవ్వ “సర్దయింది, దవాఖానకు పోతున్న” అంటుంది. రెండూ మా మాటలే అని ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2018లో సర్కారు బస్తీ దవాఖానాలు పెడుతూ అదే పేరు బోర్డు మీద రాసింది.

మాటల మూలాలు వెతుక్కుంటూ నేను డాబా మీద ఉండగా కింద టీవీలో ఒక కొత్త వైద్యపు మాట పుట్టింది. మర్కజ్. అరబ్బీలో కేంద్రం అని అర్థం, అంతే. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశానికి పోయి వచ్చినవాళ్లలో ఆరుగురు కరోనాతో చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నుంచి కేసులు రెండు రకాలైపోయాయి, కేసులు, మర్కజ్ కేసులు. వైరస్‌కు మతం అంటగట్టిన ఆ రోజుల్లో మా కోర్సులో వచ్చిన పాఠం క్వారంటైన్. వెనీసు వాళ్ల భాషలో నలభై రోజులు. ప్లేగు కాలంలో ఓడల్ని అన్ని రోజులు రేవు బయట ఆపేవారు.

నలభై మాకు కొత్తా? పురుడు పోసుకున్న ఆడది నలభై రోజులు గదిలో ఉంటుంది, చివరి రోజు చిల్లా స్నానం. మనిషి పోతే నలభయ్యో రోజున ఫాతిహా. జమాత్‌లో పోయేవాళ్లు నలభై రోజులు ఇల్లు వదిలి తిరిగితే అదీ చిల్లాయే. ఒకే నలభై ఇటలీ నుంచి వస్తే ఆరోగ్య శాస్త్రం, నిజాముద్దీన్ నుంచి వస్తే జిహాద్.

మా అబ్బా జమాత్‌కు పోయినవాడు కాడు, జుమ్మాకు పోవడమే కష్టం, శుక్రవారం గిరాకీ ఎక్కువ. అయినా దుకాణం ముందు జనం తగ్గారు. ఇరవై ఏళ్లుగా వచ్చే ఒకాయన ఫోన్ చేసి, “ఏమనుకోకు భాయ్, ఇంట్లో ఆడోళ్లు భయపడుతున్నరు” అన్నాడు. అబ్బా “హౌ సాబ్, జాగ్రత్త మంచిదే” అన్నాడు. ఫోన్ పెట్టి కత్తులన్నీ కడిగి ఎండబెట్టాడు. ఆ వారం రెండుసార్లు కడిగిన కత్తుల్నే మళ్లీ కడగడం చూశాను. 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువుల్ని చేశారని అంది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీద కేసులూ కొట్టేసింది. టీవీలో ఆ వార్త ఎంతసేపు వచ్చిందో మీరే గుర్తు చేసుకోండి.

కోర్సు పాసయ్యాను. కోడింగు పరీక్షా పాసయ్యాను. 2021లో ఉద్యోగం వచ్చింది, ఇంటి నుంచే పని. అదే ఏడు ఆఖరున దాదీమా పోయింది.

కోడింగు పుస్తకంలో గుండె మంటకు ఆర్ 12. గుండె నొప్పికి ఐ 20.9. గుండెపోటుకు ఐ 21.9. ఆర్ 12కు ఇంగ్లీషు పేరు హార్ట్‌బర్న్. రోగం కడుపులో ఆమ్లానిది, పేరు గుండెది! గ్రీకు కార్డియా కూడా గుండెకూ, పొట్ట పైద్వారానికీ రెండింటికీ పేరే. తెలుగువాళ్లు గుండెల్లో మంట అంటారు. ఇంగ్లీషాయన హార్ట్ అంటాడు. దాదీమా కలేజా అంది. అందరి భాషల్లోనూ ఆ జానెడు చోటు కలగలిసిపోయే ఉంది. గుండెల్లో మంట అని తెలుగు అవ్వ అంటే గోళీ ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఈసీజీ తీస్తారు. ఆ ఎందుకైనా మంచిది మా దాదీమాకు రెండు రోజులు దొరకలేదు.

ఇప్పుడు నా పనిలో రోజుకు వందకు పైగా కాగితాలు వస్తాయి. రోగి పేరు నాకు కనబడదు, వయసు, ఆడా మగా, రోగం మాత్రం కనబడతాయి. సహకరించడం లేదు అనే మాట అప్పుడప్పుడు వాటిలోనూ వస్తుంది. అది చూసినప్పుడు కొంచెం ఆగుతాను, డాక్టరు రాసింది మొదటి నుంచి మళ్లీ చదువుతాను. గంటకు ఇన్ని అని లెక్క ఉంటుంది గనక అట్లా ఆగడం సూపర్‌వైజరుకు ఇష్టముండదు.

కోడింగు పుస్తకం చివరి భాగాల్లో రోగాలు కాని వాటికి కూడా అంకెలున్నాయి. ఒంటరి బతుకు, పేదరికం, ఇల్లు లేకపోవడం. అందులో జడ్ 60.5 ఒకటి. వివక్షకూ వేధింపుకూ గురైన మనిషి అని దాని భావం. అయితే అమెరికా వాళ్ల పుస్తకంలో ఆ వివక్ష ముందు బ్రాకెట్లో ఇంకో మాట ఉంది. ఆ మనిషికి అట్లా అనిపించింది అని. గుండెపోటుకు అట్లాంటి బ్రాకెట్ లేదు. విరిగిన ఎముకకు లేదు. వెతికాను, హార్ట్‌బర్న్‌కు కూడా లేదు. అబ్బాకు ఇది చెబితే, “ఆ బ్రాకెట్ తీసేయడానికి దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలె బేటీ?” అని అడిగాడు. నిజంగానే అడిగాడు. కనుక్కుంటున్నాను.